లూకస్ ఆల్టెట్ హారన్, చాలాకాలం వాడాక: డొప్ప మీది తేదీని ఎంతవరకు నమ్మాలి

1950 నాటి బీఎస్ఏ బీ31 అనే బ్రిటిష్ మోటార్ సైకిల్ మీద లూకస్ కంపెనీ ఆల్టెట్ 6 వోల్టుల హారన్ ఏళ్ళ తరబడి వాడుతున్నాను. దాని క్రోమ్ రింగు అందం, గొంతు తీరు పాతబళ్ళ వాళ్ళందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ హారన్ అంటే నాకు ప్రాణం కావడానికి కారణం దాని డొప్ప, అంటే బయటి లోహపు గుల్ల, మీద గుద్దిన అచ్చు. హెచ్ఎఫ్1234 అని మోడల్, 6వీ, ఒక సర్వీస్ నంబరు, ఆ పక్కనే నెల, సంవత్సరం. 4 50 అని ఉంటే ఏప్రిల్ 1950. పాత బండి కొనేటప్పుడు సీటు, ట్యాంకు, మడ్‌గార్డ్ ఒరిజినలా కాదా అని ఎంత వాదించుకున్నా తేలదు. హారన్ దగ్గరకొచ్చేసరికి అంకెలే మాట్లాడతాయి.

హారన్ తేదీ బండి తేదీకి కొద్ది నెలలు ముందుండాలి. లూకస్ నుంచి సరుకు రావాలి, బీఎస్ఏ గోడౌన్‌లో కొన్నాళ్ళుండాలి, తర్వాతే బండి మీదికెక్కుతుంది. జూన్, జులై 1950లో ఫ్యాక్టరీ గేటు దాటిన బండికి 4 50 చక్కగా సరిపోతుంది. అదే బండి మీద 11 50 కనబడితే తర్వాత మార్చిన హారనే, ఇంకో మాట లేదు. ఏ బండి ఎప్పుడు ఫ్యాక్టరీ దాటిందో రాసిన బీఎస్ఏ డిస్పాచ్ పుస్తకాలు ఇంగ్లండ్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర ఉన్నాయి. ఇంజను, ఫ్రేము నంబర్లు పంపితే వివరం వస్తుంది. మన ఆర్సీలో ఉన్న తేదీతో మాత్రం పోల్చకండి. అది రిజిస్ట్రేషన్ తేదీ. ఓడ దిగి డీలరు దగ్గర ఆగి అమ్ముడయ్యేసరికి నెలలు పట్టేవి. సైన్యం వదిలేశాక జనం చేతికొచ్చిన బీఎస్ఏ ఎం20 బళ్ళ సంగతైతే చెప్పక్కర్లేదు, వాటి కాగితాలు బండి పుట్టిన ఏళ్ళకు పుట్టాయి. అన్నట్టు, యుద్ధకాలపు ఎం20 మీద మెరిసే క్రోమ్ రింగు ఉందంటే ఎవరో ముచ్చటపడి తర్వాత బిగించిందే. సైన్యం బళ్ళకు అప్పట్లో మెరుపు పూతలు లేవు.

అచ్చు చదవడానికి ఓపిక కావాలి. ముందు కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తీయండి. టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి, డొప్పకు ఆనించినట్టు వేస్తే గుంటల్లో నీడ పడి అంకెలు తేలతాయి. అప్పటికీ కనబడకపోతే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ వాలుగా రుద్దండి. పాత రంగు మందంగా ఉంటే పెయింట్ రిమూవర్ వాడండి, శాండ్ బ్లాస్టింగ్‌కు మాత్రం ఇవ్వకండి. అచ్చు లోతు చాలా తక్కువ, ఇసుక దెబ్బకు అరిగిపోతుంది. దాని మీద పౌడర్ కోటింగ్ కూడా పడితే మిగిలిన ఆ కాస్తా పూడిపోతుంది. రెస్టోరేషన్ పేరుతో ఇలా మొహం చెరిగిపోయిన మంచి హారన్లు ఎన్నో. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక నకళ్ళు. మన దేశంలోనే తయారై ప్రపంచమంతా పోతున్నాయి, పైపైన చూస్తే బాగానే ఉంటాయి కూడా. కొన్నిటి మీద అచ్చు సైతం గుద్దుతున్నారు. దొంగ అచ్చు పట్టుకోవాలంటే అంకెల అడుగు చూడండి. పాత అచ్చులో ముదిరిన తుప్పో, గట్టిపడిన పాత ఎనామిల్ రంగో ఉంటుంది. గుంట అడుగున తెల్లటి లోహం మెరుస్తోందంటే అది నిన్నటి దెబ్బ. దీనికంటే గట్టి పరీక్ష స్క్రూ త్రెడ్‌ది. ఆనాటి లూకస్ సామానులో చిన్న స్క్రూలన్నీ బీఏ అనే పాత బ్రిటిష్ కొలత త్రెడ్‌వి, నకళ్ళలో ఎక్కువగా మెట్రిక్. 4బీఏ స్క్రూ బయటి వ్యాసం 3.6 మిల్లీమీటర్లు, పిచ్ (త్రెడ్ చుట్ల మధ్య దూరం) 0.66. దానికి దగ్గరి మెట్రిక్ స్క్రూ ఎం4 అయితే 4.0, 0.7. 2బీఏకి 4.7, 0.81; ఎం5కి 5.0, 0.8. పిచ్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి పిచ్ గేజ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతారు. వెర్నియర్‌తో వ్యాసం కొలవండి. రింగు స్క్రూలన్నీ కొలవాలి, ఒకటి రెండు మధ్యలో మారి ఉండటం సహజం. పాత రంధ్రంలో మెట్రిక్ స్క్రూ ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ బలం చూపిస్తే డొప్ప త్రెడ్ పోయినట్టే.

నా హారన్ ఈ పరీక్షలన్నీ నెగ్గింది. మొరాయించింది ఆ తర్వాతే.

వానాకాలంలో గొంతు బొంగురుపోయింది. హారన్ బొంగురుపోగానే అందరూ వెనకున్న స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. అది చివర చేయాల్సిన పని. ఈ బళ్ళలో హారన్‌కు కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, హ్యాండిల్ మీది బటన్ ఎర్త్‌ను, అంటే కరెంటు తిరిగి పోయే దారిని, మాత్రమే కలుపుతుంది. ఆ ఎర్త్ హ్యాండిల్ నుంచి ఫ్రేముకు స్టీరింగ్ బేరింగుల గుండా, గ్రీజు గుండా పోవాలి. కొత్తగా రంగేసిన బండిలో అక్కడే దారి మూసుకుపోతుంది. హారన్‌కు బటన్ వైపు వచ్చే టెర్మినల్ నుంచి ఒక వైరు తీసి నేరుగా ఫ్రేముకు తాకించండి. గట్టిగా మోగితే తప్పు బటన్‌దో ఎర్త్‌దో. హ్యాండిల్ క్లాంపు నుంచి ఫ్రేముకు విడిగా ఒక వైరు వేస్తే చాలామందికి సమస్య అక్కడితో తీరిపోతుంది. వోల్టేజి కూడా బ్యాటరీ దగ్గర కాకుండా, బటన్ నొక్కి ఉంచి హారన్ టెర్మినళ్ళ దగ్గరే చూడాలి.

తర్వాత హారన్‌ను బండి నుంచి విప్పి, బ్రాకెట్ చేత్తో గట్టిగా పట్టుకుని మోగించాలి. చేతిలో బాగా మోగి బండి మీద బొంగురుపోతే బిగింపు వదులైందనో, పక్కనున్న రేకు అదురుతోందనో అర్థం. చేతిలోనూ బాగా లేకపోతే అప్పుడు స్క్రూ. లూకస్ పద్ధతి ఇది: మోత ఆగిపోయే దాకా ఎడమకు తిప్పి, బటన్ వదిలేసి, కుడికి ఆరు పళ్ళు (నాచ్‌లు) తిప్పాలి. ఇంకా కావాలంటే ఒక్కొక్క పన్నే. నాదానికి ఆరు కాదు కదా ఎన్ని తిప్పినా టక్ మని ఒక్క చప్పుడే వచ్చి ఆగిపోయింది.

సర్దుబాటుతో బాగుపడకపోతే విప్పొద్దు, లూకస్ డిపోకు పంపండి అని ఆనాటి మాన్యువల్ మాట. ఆ డిపోలు ఇప్పుడు లేవు, విప్పక తప్పదు. రింగుకీ డొప్పకీ కలిపి సన్నగా ఒక గీత గీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు అదే మీకు దారి. స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఒక పక్కే తీసేస్తే డయాఫ్రమ్ (మోగేటప్పుడు అదిరే పల్చటి రేకు) వంగుతుంది.

లోపల రోగం వెంటనే దొరికింది. డయాఫ్రమ్ కింద పల్చటి గాస్కెట్ ఉండాల్సిన చోట ఎవరో సైకిల్ ట్యూబ్ కోసి పెట్టారు. వాన నీరు రాకుండా అనుకుని ఉంటారు. కానీ ఈ హారన్‌లో గాస్కెట్ పని నీళ్ళు ఆపడం ఒక్కటే కాదు. డయాఫ్రమ్‌కు అంటుకున్న ఇనుప ముక్క ఆర్మేచర్‌కీ అయస్కాంతపు కోర్‌కీ మధ్య ఎంత సందు ఉండాలో తేల్చేది గాస్కెట్ మందమే. మిల్లీమీటరు రబ్బరు పెడితే సందు ఆ మేరకు పెరిగి ఆర్మేచర్ కోర్‌ను కొట్టలేదు. ఆ దెబ్బ లేకపోతే ముందున్న టోన్ డిస్క్ అనే బిళ్ళ కంపించదు. ఆల్టెట్ ప్రత్యేకమైన ఆ పదునైన స్వరం టోన్ డిస్క్‌దే. రబ్బరు కొత్తగా, గట్టిగా ఉన్నన్నాళ్ళు స్క్రూతో ఎలాగో నెట్టుకొచ్చింది, నాని ఉబ్బేసరికి చేతులెత్తేసింది. పల్చటి గాస్కెట్ పేపరు రెండు వైపులా ఒకటే మందంలో కోసి వేసి, కరెంటును కలిపి తెంచే పాయింట్లు నున్నటి ఎమరీతో తుడిస్తే గొంతు తిరిగొచ్చింది.

అసలు దెబ్బ వేరే ఉంది. కాయిల్ నైలాన్ బాబిన్ (రీలు) మీద చుట్టి ఉంది. పాయింట్ల బ్రాకెట్ స్క్రూలు మెట్రిక్. డొప్ప, రింగు 1950వి, లోపలి సరుకంతా ఏదో నకలు హారన్ నుంచి తెచ్చి పెట్టింది. అమ్మిన వ్యాపారి అచ్చు చూపించి అచ్చుకు తగ్గ ధరే తీసుకున్నాడు. అంకెలే మాట్లాడతాయని పైన రాశాను. నిజమే, కానీ అవి డొప్ప గురించి మాత్రమే మాట్లాడతాయి. అందుకే ఇప్పుడు ఎవరడిగినా, మంచి ధర పెట్టే ముందు రింగు విప్పి చూపించమనండి అంటాను. విప్పనివ్వకపోతే ఖాళీ డొప్ప ధర కట్టండి.

మోడల్ సంగతీ ఒకసారి చూసుకోవాలి. అచ్చు ఎంత ఖరాఖండిగా ఉన్నా, 1960ల నాటి బళ్ళకు వచ్చిన లూకస్ 8హెచ్ హారన్, ఆ తర్వాతి 6హెచ్ స్థానంలో ఆల్టెట్ పెడితే అది తప్పే. క్లియర్ హూటర్స్ అనే వేరే కంపెనీ హారన్ కనబడగానే నకలని పారేయకండి, కొన్ని బ్రిటిష్ బళ్ళకు అదే ఫ్యాక్టరీ హారన్. లూకస్ కాకుండా మిల్లర్ కంపెనీ కరెంటు సామానుతో వచ్చిన వెలోసెట్ బండి మీద ఆల్టెట్ ఉంటే ఆ సంవత్సరపు పార్ట్స్ క్యాటలాగ్ చూశాకే మాట్లాడాలి.

కొనమంటారా అంటే, నాది ఆదివారం పొద్దున తీసే బండి, వింటేజ్ ర్యాలీల్లో జడ్జీలు వంగి చూసే బండి. లోపల నకలే అయినా ఆ డొప్పను ఇంకొకరికి ఇవ్వను, లోపలికి పాత కాయిల్ దొరికితే వేస్తాను. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్ళో రోజూ నడిపేవారికి మాత్రం దీన్ని చెప్పలేను. తుప్పు ముందు రింగు అంచున, క్రోమ్ కిందే మొదలవుతుంది. వాళ్ళు మంచి నకలు ఒకటి బిగించుకుని, ఒరిజినల్‌ను నూనె గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టుకోవడం మేలు. బండిని 12 వోల్టులకు మార్చినవాళ్ళు ఈ 6 వోల్టుల హారన్‌ను నేరుగా కలపొద్దు. మోత అదిరిపోతుంది గానీ పాయింట్లు కాలిపోతాయి. సిరీస్‌లో తగిన రెసిస్టర్ వేసి, బటన్ క్షణం పాటే నొక్కండి.