సెకండ్ హ్యాండ్ మికు కొనేవాళ్లకి హెచ్చరిక: పెట్టె వస్తుంది, గొంతు రాదు

హత్సునే మికు, అంటే మనం ఇచ్చిన మాటల్నీ బాణీనీ పాడి వినిపించే జపాన్ గొంతు సాఫ్ట్‌వేర్, సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటూ తిరుగుతున్న మనిషి దగ్గర ఎవరూ కొనకండి. ఎవరో మీకు తెలుసు. జపాన్ నుంచి తెచ్చిన బొమ్మలు, కీచైన్లు, సీడీలు అమ్ముతాడు, ప్రతి ఫొటోలో వెనక అదే నీలం కర్టెన్ కనిపిస్తుంది. నా డబ్బు పోయిందని నిన్న రాత్రి తెలిసింది. ఈ రాత్రికి ఇంకొకరిది పోకూడదని వెంటనే రాస్తున్నాను.

మికు పాటలు వినేవాళ్లకి నేనెందుకు కొన్నానో చెప్పక్కర్లేదు. కూరగాయల రసం మీద 2008లో వచ్చిన పోపిపో మొదలుకొని 2024లో మికు, టెటో (ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గొంతు) కలిసి పాడిన మెస్మరైజర్ దాకా, ఒకసారి నోట్లో పడితే వారం రోజులు వదలవు. మనిషి పాడాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఈ గొంతుకి అక్కర్లేదు. అందుకే పాట కట్టేవాళ్లు గుక్క తిప్పుకోనివ్వకుండా మాట మీద మాట పేర్చి, పై స్థాయిలో, ఒకే చిన్న ముక్కని మళ్లీ మళ్లీ తిప్పుతారు. మనసు దాని వెనకాలే పరిగెడుతుంది. అలాంటిది ఒక్కటి తెలుగులో చేయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

చేయొచ్చు కూడా. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, జపనీస్ మాటలూ దాదాపు అంతే. చినుకు, కునుకు, మనసు లాంటివి ఆ గొంతులో చక్కగా కూర్చుంటాయి. ళ, ణ, ఖ, ఘ రావు, ల రాసినా జపనీస్ ర లాగే వినిపిస్తుంది. అందుకని ఆ అక్షరాలు తగలకుండా మా చెల్లి కూర్చుని పల్లవి, రెండు చరణాలు రాసింది. ఎంత కష్టపడి రాసిందో నాకు తెలుసు. ఒక్క ల తీయడానికి పంక్తి మొత్తం మార్చింది. బాణీ కూడా అయిపోయింది. ఇక గొంతే కావాలి.

ఆ మనిషి దగ్గర మికు ఎన్‌టీ పెట్టె ఉందని తెలిసింది. 2020లో వచ్చిన వెర్షన్ అది, ముందు వెర్షన్లలా యమహా ఇంజిన్ కాకుండా, మికుని తయారుచేసిన క్రిప్టాన్ కంపెనీ వాళ్ల సొంత ఇంజిన్ మీద నడుస్తుంది. కొత్త ధరలో సగం కన్నా తక్కువ చెప్పాడు. అడగాల్సినవన్నీ అడిగాను. సాఫ్ట్‌వేర్ వాడాలంటే నమోదు చేయాల్సిన సీరియల్ నంబరు వాడారా అన్నాను. "లేదు తమ్ముడూ, సీల్ తీశానే కానీ ఇన్‌స్టాల్ కూడా చేయలేదు, టైమ్ లేక అమ్ముతున్నా" అన్నాడు. పెట్టె అన్ని వైపులా వీడియో తీసి పంపాడు. "నమ్మకం లేకపోతే వదిలేయ్ తమ్ముడూ, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అని కూడా అన్నాడు. యూపీఐలో పంపాను. పెట్టె కూడా వచ్చింది. నకిలీ కాదు, అసలు పెట్టే. పైన బొమ్మ, లోపల కాగితాలు, సీరియల్ నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చెల్లి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

సీరియల్ కొట్టాను. ఇది ముందే నమోదైంది అని వచ్చింది. ఒక అంకె తప్పు పడిందేమో అనుకుని చెల్లి ఒక్కొక్కటే చదువుతుంటే మళ్లీ కొట్టాను. అదే మాట.

అప్పటికి కూడా అతను పొరపాటు పడ్డాడేమో, వేరే పెట్టె పంపాడేమో అనే అనుకున్నాను. మర్యాదగానే రాశాను: "అన్నా, సీరియల్ రిజిస్టర్ అయిందని వస్తోంది, ఒకసారి చూడండి." చాలాసేపటికి జవాబు వచ్చింది. అందులో తమ్ముడు లేడు.

"అవును, నా అకౌంట్‌లో ఉంది. నేను వాడుకుంటున్నా. నీకు పెట్టె అమ్మా, పెట్టె వచ్చింది కదా."

ఇన్‌స్టాల్ కూడా చేయలేదన్న మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి అతనికే పంపాను. దానికి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఏంటి బాబూ, బొమ్మ పాటకి ఇంత గోల. క్రాక్ లింక్ ఇస్తా, దింపుకో. అదీ ఇలాగే పాడుతుంది. నీ పాట ఎవడు వింటాడు?" లింక్ నిజంగానే పంపాడు. వెంటనే బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినందుకు ఎంత బాధ ఉందో, ఆ మెసేజ్ చెల్లి చదివినందుకు అంతకు రెట్టింపు ఉంది. నా భుజం మీదుగా చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది. "నీ పాట ఎవడు వింటాడు" అన్నది నన్ను కాదు, తనని. అక్షరం అక్షరం ఏరి రాసిన పిల్లకి ఆ మాట అనడానికి ఆయనెవరు? ఆయన బొమ్మలూ కీచైన్లూ అమ్ముకుంటున్నది ఎవరి వల్ల? ఎవరో ఊరూ పేరూ లేని కుర్రాళ్లు గదుల్లో కూర్చుని కట్టిన పాటల వల్లే కదా ఈ మికుని ప్రపంచం గుర్తుపట్టింది. 2007 ఆగస్టు 31న సాఫ్ట్‌వేర్‌గా వచ్చినప్పుడు ఆమెకి ఒక గొంతూ ఒక బొమ్మా తప్ప కథ కూడా లేదు. మిగతాదంతా పాటలు చేసినవాళ్లు పోసిన ప్రాణమే.

క్రాక్ అంటే డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ. దాని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అతను అందరికీ అదే లింక్ ఇస్తున్నాడట. అది దింపుకోకండి. ఆ గొంతు ఫుజితా సాకి అనే వాయిస్ నటి కూర్చుని రికార్డ్ చేసి ఇచ్చినది. లైసెన్స్ కొన్నవాళ్లు దానితో చేసిన పాటని అమ్ముకోవడానికి కూడా కంపెనీ ఒప్పుకుంటుంది. దొంగ కాపీతో చేస్తే ఆ హక్కు ఉండదు. రేపు పాట నలుగురికీ నచ్చినా, ఇది మాది అని ధైర్యంగా నిలబడలేం. మా చెల్లి పాటని అలా బయటికి పంపను.

నాలాగే ఇంకో ఇద్దరికి కూడా పెట్టెలు వెళ్లాయని ఇవాళ తెలిసింది. ఇద్దరికీ ఇదే అనుభవం. ఒకరైతే అవమానంగా అనిపించి ఎవరికీ చెప్పలేదట. చెప్పండి దయచేసి. మనం ఊరుకుంటే అతను నీలం కర్టెన్ ముందు ఇంకో పెట్టె పెడతాడు.

కొనేవాళ్లకి నాకు తెలిసింది ఇంతే. క్రిప్టాన్ గొంతుల సీరియల్ ఒక్కసారి ఒకరి ఖాతాకి నమోదైతే ఇంకొకరి పేరు మీదికి మారదు. లైసెన్స్ చేతులు మార్చడానికి కంపెనీ ఒప్పుకోదు. కాబట్టి సీల్ తీసిన పెట్టె ఎంత చవకగా ఇచ్చినా వద్దు. వాళ్ల సొంత ఆన్‌లైన్ దుకాణం సోనిక్‌వైర్‌లో మన దేశం నుంచే డౌన్‌లోడ్ కొనుక్కోవచ్చు. అంత డబ్బు లేనివాళ్లు ఉతావు అనే ఇలాంటి పాటల సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి, 2008 నుంచి ఉచితంగానే ఉంది, టెటో పాత గొంతు కూడా అందులో ఉచితమే. మేం కూడా ప్రస్తుతానికి దానితోనే చేస్తున్నాం.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అతని దగ్గర పెట్టె కొన్నవాళ్లు చాట్ తీసేయకండి, యూపీఐ రసీదు దాచుకోండి, మీరు కూడా ఫిర్యాదు ఇవ్వండి. నాకు మెసేజ్ పెడితే నా ఫిర్యాదు నంబరు ఇస్తాను, మీ దాంట్లో కూడా దాన్ని రాయించండి.