ఏడేళ్ల జూమ్ కెమెరా: కొన్నది పక్షుల కోసం, పనికొచ్చింది పురుగులకి

2018 దసరాకి బందరు రోడ్డులో ఓ షాపులో కొన్నాను దీన్ని. లెన్సులు మార్చే పని లేకుండా 60 రెట్ల జూమ్ ఉన్న కెమెరా, పాతిక వేల లోపు. కంపెనీ పేరు చెప్పను. ఆ మోడల్ ఇప్పుడు కొత్తది దొరకదు, పైగా ఈ రకం కెమెరాలన్నీ ఇంచుమించు ఒకే తానులో ముక్కలు.

ఎలా వాడానో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ సమీక్ష మీకు అక్కరకు రాదు. తెల్లవారుజామున లేచి చెరువు గట్టున కాపు కాసే రకం కాదు నేను. ఆదివారం పదింటికి బెజవాడలో బయల్దేరడం, కారులో నలుగురం, డిక్కీలో పులిహోర డబ్బా. మంచి వెలుగుండే పొద్దున్న పూట మా అమ్మ పూజ తెమలదు, మా అమ్మాయి మంచం దిగదు. మేం చేరేసరికి అయితే మాడు పగిలే ఎండ, లేకపోతే ముసురు. మూడోది నేను చూసింది తక్కువ.

మొదటి దెబ్బ ఉప్పలపాడులో తగిలింది. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో చిన్న ఊరు. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. ఆ రోజు ఆకాశం బూడిద రాసినట్టుంది. కొత్త కెమెరా ఉత్సాహంలో జూమ్ ఆఖరుదాకా లాగి రెండు వందల ఫొటోలు కొట్టాను. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే కొంగలన్నీ కాకులయ్యాయి. కాస్త వెలుగు పెంచి చూస్తే ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు. "ఇందులో ఏది రెక్కో ఏది కొమ్మో చెప్పు నాన్నా" అంది మా అమ్మాయి. నేనూ చెప్పలేకపోయాను.

తప్పు సగం నాది, సగం కెమెరాది. నా సగం తేలిగ్గానే సరిదిద్దుకున్నాను. మబ్బు పట్టిన రోజున వెనక ఆకాశమంతా తెల్లగా వెలుగుతుంటుంది. కెమెరా ఆ తెలుపు చూసి మొత్తం ఫొటో చీకటి చేసేస్తుంది. ఫొటో వెలుగును మన చేత్తో పెంచీ తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ ఒకటికి పెడితే ఆకాశం పాలిపోతుంది గానీ పక్షి ఈకలు కనిపిస్తాయి. అదే తెల్లకొంగ ముదురాకుపచ్చ చెట్టు ముందు నిలబడితే తిరగేసి మైనస్‌లోకి వెళ్లాలి, లేకపోతే కొంగ సున్నం ముద్దలా వస్తుంది.

కెమెరా సగానికి మాత్రం మందు లేదు. లోపల వెలుగును పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ చిటికెనవేలి గోరు కన్నా చిన్నది. జూమ్ పూర్తిగా లాగితే, లాగక ముందు వచ్చే వెలుగులో పావు వంతు కూడా లోపలికి రాదు. ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓ, అంటే వచ్చిన కాస్త వెలుగునే కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 1600 దాకా ఎక్కుతుంది, చుక్కలు వచ్చిపడతాయి. మన చెయ్యి వణికితే స్టెబిలైజర్ కాచుకుంటుంది కానీ కొంగ తల తిప్పితే అదేం చేస్తుంది? అందుకే మబ్బు రోజున 20 రెట్లు దాటి వెళ్లను. ఐఎస్ఓ 800 దగ్గర గీత గీసేశాను. అంటే డబ్బులు పోసిన జూమ్‌లో మూడింట రెండొంతులు ఆ రోజు అలంకారమే.

ఎండ ఉంటే బాగుంటుందా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. కొల్లేరు ఆటపాకలో మే నెల మధ్యాహ్నం పడవెక్కి తీసిన పెలికాన్లు నీళ్లలో ముంచి తీసినట్టు అలలు అలలుగా వచ్చాయి. ఫోకస్ పాడైందని కంగారుపడ్డాను. తీరా చూస్తే వేడెక్కిన గాలి చేసిన పని. దూరం ఎక్కువైన కొద్దీ మధ్యలో గాలి అంత కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సైనా దీనికి చేసేదేం లేదని తెలిశాక కాస్త మనశ్శాంతి కలిగింది.

ఇంతకీ ఇది ఏడేళ్లు ఎందుకు నిలిచిందంటే, ఆరుద్ర పురుగుల వల్ల.

కొన్న మరుసటి ఏడాది, ఆరుద్ర కార్తె రోజుల్లో, కొండవీడు వెళ్లాం. ఘాట్ రోడ్డు మొదట్లోనే జల్లు పడింది. కోట లేదు, కొండ లేదు, అంతా తెల్లటి పొగ. జల్లు ఆగాక మా అమ్మ కాళ్లు సాగదీస్తానని దిగి, చేను గట్టు దగ్గర వంగి, "ఒరేయ్, ఇటు రారా, నీ మిషన్ తీసుకురా!" అని కేక పెట్టింది. తడిసిన ఎర్రమట్టి మీద మూడు ఆరుద్ర పురుగులు. కుంకుమ పట్టుగుడ్డ చుట్టిన మినప గింజల్లా ఉన్నాయి. చెయ్యి తగిలితే కాళ్లు ముడుచుకుని, మనం ఊపిరి బిగబడితే మళ్లీ నడుస్తున్నాయి. అమ్మ వాటిని తన చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునేదట.

జూమ్ మొత్తం వెనక్కి తెచ్చి, పువ్వు గుర్తు ఉన్న మాక్రో మోడ్ నొక్కితే ఈ కెమెరా సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది. ఎండలో దీనితో పెద్ద తంటా: అంత దగ్గరకు వెళ్తే లెన్సు నీడ పురుగు మీదే పడుతుంది. మబ్బు రోజున నీడే ఉండదు. ఆకాశమంతా ఒకటే దీపం. ఆ పురుగు వీపు మీద వెల్వెట్ నూగు ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చింది, పక్కన ఇసుక రేణువు మీద నీటి తడి కూడా. మోకాళ్లకి బురద, మా ఆవిడ చేత చివాట్లు. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

అప్పట్నుంచి పద్ధతే మారిపోయింది. ముసురు రోజున పైకి చూడను, కిందకి చూస్తాను. కొండపల్లి ఖిల్లా గోడ మీద నాచు, జిల్లేడు ఆకు మీద చినుకు, నత్త, గొంగళి. పైగా ఇంట్లోవాళ్లకి పని దొరికింది: వాళ్లు వెతుకుతారు, నేను తీస్తాను. దూరాన ఉన్న పక్షి కోసం అరగంట నిలబెడితే ఎవరికైనా విసుగే. పురుగు దొరికితే అందరూ చుట్టూ చేరతారు.

ఇక చికాకులు. ఏసీ కారులోంచి తీసిన వెంటనే, మన ఉక్కకి లెన్సు మంచుపట్టిన అద్దంలా మసకేస్తుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. ఇప్పుడు సంచీని డిక్కీలోనే పెడుతున్నాను, పులిహోర పక్కన. వానకి తట్టుకునే కెమెరా కాదు కాబట్టి పాలిథిన్ కవరుకి చిల్లి చేసి రబ్బరు బ్యాండుతో లెన్సుకి బిగిస్తాను. చూడ్డానికి కూరగాయల సంచీలా ఉన్నా, పని చేస్తుంది. సూర్యలంకలో మాత్రం సంచీ విప్పను. ఉప్పుగాలి, ఇసుక కలిసి జూమ్ గొట్టంలోకి దూరితే ముందుకూ వెనక్కీ కదిలినప్పుడల్లా గరగరమంటుంది. ఒకసారి విన్నాను, చాలు. బ్యాటరీ రెండోది కొనక తప్పదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మాది పై అంతస్తు కాబట్టి సామాన్లు మిగిలాయి. కరెంటు లేక, గోడలు చెమ్మగిల్లి, కెమెరా రోజుల తరబడి మూసిన బీరువాలో ఉండిపోయింది. ఆ హడావుడిలో దాని సంగతి ఎవరికి గుర్తుంటుంది? రెండు నెలల తర్వాత తీస్తే ముందు అద్దం లోపలి వైపు సాలెగూడు పోగులా ఫంగస్. శుభ్రం చెయ్యడానికి రిపేరు షాపులో అడిగిన డబ్బుకి పాత కెమెరా ఒకటొస్తుంది. వద్దని తెచ్చేసుకున్నాను. మామూలు ఫొటోల్లో ఆ మచ్చ తెలియదు, సూర్యుడికి ఎదురుగా తీస్తే మాత్రం మసక కమ్ముతుంది. ఇప్పుడు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ పిండి దుమ్ము లెన్సు సందుల్లోకి పోతుంది, పెట్టకండి.

కొనాలా అంటే, పొలాలూ కొండలూ మనుషుల ఫొటోలకైతే వద్దు. మా అమ్మాయి ఫోనే తక్కువ వెలుగులో దీన్ని ఓడించేస్తోంది. జూమ్ కోసమే అయితే, ఎండ ఉన్న రోజు పొద్దున్నే లేవగలిగితేనే. దగ్గరి ఫొటోల మీద సరదా ఉంటే సెకండ్‌హ్యాండ్‌లో చూడండి. షాపులోనే జూమ్ పూర్తిగా ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఆడించి గరగర ఉందేమో వినండి. ఫోన్ టార్చి ఏటవాలుగా లెన్సులోకి కొట్టి పోగులున్నాయేమో చూడండి. అమ్మేవాడు మొహమాటపెట్టినా సరే, చూశాకే డబ్బులివ్వండి.