గ్వాదర్‌కు జవాబు: చాబహారా, ఐమెక్కా?

మా ఆఫీసు గోడకున్న మ్యాపు మీద బొటనవేలు ఆనిస్తే గ్వాదర్, చాబహార్ రెండూ దాని కిందకే వస్తాయి. మొదటిది పాకిస్తాన్‌లో చైనా కంపెనీ చేతిలో ఉన్న రేవు. రెండోది ఇరాన్ రేవు, అందులో ఒక టెర్మినల్ నడిపే పని 2018 చివర మనవాళ్ల చేతికొచ్చింది. మధ్య దూరం దాదాపు 170 కిలోమీటర్లు. మనం ఇక్కడ హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లినంత.

సనత్‌నగర్ కంటైనర్ డిపో దగ్గర క్లియరింగ్ పని మాది. మందుల కంటైనర్‌కు సీల్ పడి, రైలెక్కి ముంబై పక్కనున్న నవా షేవా రేవు చేరితే చాలనుకునేవాళ్లం. 2023 చివర్లో యెమెన్ హౌతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద పడ్డాక యూరప్ సరుకు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలైంది. "అన్నా, నా బాక్స్ యాడుంది?" అని సరుకు పంపిన పార్టీలు రోజూ ఫోన్లు. అప్పట్నుంచి ఇరానీ హోటల్లో చాయ్ ముందు మా ముచ్చటంతా సరుకు దారుల మీదే, అంటే కారిడార్ల మీదే. చైనా నుంచి పాకిస్తాన్ గుండా గ్వాదర్ దాకా వేసిన సీపెక్ (చైనా-పాకిస్తాన్ ఆర్థిక కారిడార్) ఒకటి. దానికి మన జవాబు చాబహారా, లేక ఐమెక్కా (భారత్-మధ్యప్రాచ్యం-యూరప్ ఆర్థిక కారిడార్) అన్నదే వాదన.

సీపెక్ మనకు ఎక్కడ గుచ్చుకుంటుందంటే అందరూ గ్వాదర్ అంటారు. నన్నడిగితే ఉత్తరపు కొసే ఎక్కువ నొప్పి. చైనాలోని కాష్‌గర్ నుంచి వచ్చే రోడ్డు 4,693 మీటర్ల ఎత్తున ఖుంజెరాబ్ కనుమ దాటి పాకిస్తాన్ చేతిలో ఉన్న గిల్గిత్-బాల్టిస్తాన్‌లోకి దిగుతుంది. ఆ నేల మనదంటున్నాం. కబ్జా అయిన ప్లాటులో మూడో మనిషి అప్పిచ్చి మేడ కట్టిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌వాళ్లకు వేరే చెప్పాలా? ఇద్దరి తగాదా ముగ్గురిదవుతుంది, రేపు రాజీకి కూర్చున్నా ఆ అప్పిచ్చినాయన కూడా వచ్చి కూర్చుంటాడు. 2017 మేలో చైనా పెట్టిన బెల్ట్ అండ్ రోడ్ సదస్సుకు భారత్ వెళ్లకపోవడానికి కారణం ఇదే. గ్వాదర్‌లో సరుకు ఇంకా అంతంతమాత్రం, పాకిస్తాన్ వ్యాపారమంతా కరాచీ మీదే. గల్ఫ్ చమురు ఓడలు దాటే హార్ముజ్ జలసంధికి అంత దగ్గర్లో రేపు చైనా యుద్ధనౌకలు ఆగుతాయేమోనన్నదే అక్కడి భయం.

దీనికి చాబహార్ జవాబెలా అవుతుంది? వాఘా మీదుగా మన సరుకును ఆఫ్ఘనిస్తాన్‌కు పాకిస్తాన్ పోనివ్వదు. ఆ తాళం చెవి దాని దగ్గరే ఉంది. చాబహార్ ఆ తాళం జోలికి పోకుండా పెరటి గుమ్మం తెరిచింది. 2017 అక్టోబరులో కాండ్లా నుంచి బయల్దేరిన గోధుమలు ఆ దారినే కాబూల్ వైపు వెళ్లాయి. ఆఫ్ఘనిస్తాన్ లోపల, ఇరాన్ సరిహద్దున ఉన్న జరంజ్ నుంచి డెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డు అంతకుముందే మన బోర్డర్ రోడ్స్‌వాళ్లు వేసి ఉన్నారు. కరాచీ లేకుండా కూడా బతకొచ్చని ఆఫ్ఘన్ వ్యాపారికి తెలియడం పాకిస్తాన్‌కు నచ్చే విషయం కాదు. 2024 మే 13న ఇరాన్‌తో పదేళ్ల ఒప్పందం కూడా చేసుకున్నాం.

గొడవంతా అమెరికాతో. ఇరాన్ మీద పెట్టిన ఆంక్షల నుంచి చాబహార్‌కు ఇచ్చిన మినహాయింపును 2025 సెప్టెంబరులో ఎత్తేసింది, మళ్లీ ఆరు నెలలు పొడిగించింది. ఇలా ఊపిరి బిగబట్టి క్రేన్లు ఎవరు కొంటారు? చాబహార్ నుంచి ఇరాన్ లోపలి జాహెదాన్ దాకా వేయాల్సిన రైలు లైను కూడా ఏళ్లకేళ్లు నానింది.

ఐమెక్ సంగతి వేరు. 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ జీ20లో ప్రకటించారు, నెల తిరక్కుండా గాజా యుద్ధం వచ్చిపడింది. ఓడలో యూఏఈ, అక్కడ రైలెక్కి సౌదీ, జోర్డాన్ మీదుగా ఇజ్రాయెల్ రేవు హైఫా, మళ్లీ ఓడెక్కి యూరప్. క్లియరింగ్‌వాడి కళ్లతో చూడండి: దించిన ప్రతిచోటా, ఎక్కించిన ప్రతిచోటా చార్జీయే. సూయజ్ గుండా ఒకే ఓడలో పోయే సరుకుతో ఇది రేటులో ఎలా పోటీపడుతుంది? పైగా అవతలి ఒడ్డున గ్రీసు పిరేయస్ రేవు పేరు ఎక్కువగా వినిపిస్తోంది, అందులో పెద్ద వాటా చైనా ప్రభుత్వ ఓడల కంపెనీ కాస్కోదే! డబ్బున్న దోస్తులున్నారు, నిజమే. కానీ పాకిస్తాన్ పట్టును ఇది ఇంచు కూడా సడలించదు. గ్వాదర్‌కు జవాబు అడిగితే యూరప్ టికెట్ చేతిలో పెట్టినట్టుంటుంది.

కాబట్టి నా ఓటు చాబహార్‌కే, దాని అవిటితనంతో సహా. తాష్కెంట్ పార్టీ ఎవరైనా వచ్చి కొటేషన్ అడిగితే ఇరాన్ దారి రేటు వేసి, కింద ఆంక్షల షరతు ఒక లైను పెడతాను. యూరప్ పార్టీకి ఐమెక్ కాలమ్‌లో వేయడానికి రేటే లేదు.