బైక్‌కు స్పీకర్లు మార్చాలంటే: డబ్బా మీది వాట్లను పక్కన పెట్టండి

తిరుపతిలో ఏ డెకార్స్ షాపులోనైనా బైక్ స్పీకర్లు కావాలంటే ముందు బయటికి తీసేది హ్యాండిల్‌కు బిగించే బ్లూటూత్ జతే. రెండు క్రోమ్ గుండ్లు, వాటి మధ్య ఒక బుల్లి యాంప్లిఫైయర్, డబ్బా మీద '600 వాట్లు' అని పెద్ద అక్షరాలు. ఆ అంకెను పరీక్షించడానికి పాట వినక్కర్లేదు, పాజిటివ్ వైరు మీదున్న ఫ్యూజు చూస్తే చాలు. అది 5 ఆంపియర్లదైతే 14 వోల్టుల దగ్గర లోపలికి పోయేదే 70 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది. ఇక 600 ఎక్కణ్ణుంచి వస్తాయి? ఈ జతలు ఊళ్ళో 40 వేగం వరకు పాట వినిపిస్తాయి. ఆ పైన సౌండ్ పెంచితే గొంతు చీలినట్టు కీచుమంటాయి. వీటికి డబ్బు పెట్టొద్దు.

చూడాల్సినవి రెండే అంకెలు: ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా నిలకడగా తట్టుకునే వాట్లు), సెన్సిటివిటీ. రెండోదాన్ని షాపులో ఎవరూ చెప్పరు, కానీ బండికి అదే ముఖ్యం. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే సెన్సిటివిటీ. 87 ఉన్న స్పీకరుకు 100 వాట్లు ఇస్తే ఎంత మోత వస్తుందో, 93 ఉన్నదానికి 25 వాట్లిస్తే అంతే వస్తుంది. కారులో పెద్ద బ్యాటరీ ఉంటుంది కాబట్టి చెల్లిపోతుంది. 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) చిన్న బ్యాటరీ ఉన్న 350 సీసీ బండికి ఈ తేడా తక్కువది కాదు. 91కి తగ్గిన స్పీకరు బైక్‌కు దండగ.

సైజు విషయానికొస్తే, ఫెయిరింగ్‌లోనో (బండి ముందుండే ప్లాస్టిక్ తొడుగు) సైడ్ బాక్సు మూతలోనో చోటుంటే ఆరున్నర అంగుళాలది, లేకపోతే ఐదుంబావుది. కారు స్పీకరు కాకుండా పడవల కోసం చేసే మెరైన్ కోయాక్సియల్ (పెద్ద స్పీకరు మధ్యలోనే చిన్న ట్వీటరు ఉండేది) తీసుకోండి. జేబీఎల్, హెర్ట్జ్, రాక్‌ఫోర్డ్ ఫాస్‌గేట్ మూడూ ఈ రకం చేస్తాయి. కోన్, అంటే ముందుకూ వెనక్కీ కదిలే గరాటు భాగం, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ది, చుట్టూ అంచు రబ్బరుది ఉండాలి. పేపర్ కోన్ నవంబరు వానలకు నాని మెత్తబడుతుంది. ఫోమ్ అంచు మన మే ఎండలకు కొన్నేళ్ళలో పొడై రాలిపోతుంది.

స్పీకరు ఎంత మంచిదైనా వెనక మూసిన డబ్బా లేకపోతే బేస్ రాదు. కోన్ వెనక నుంచి వచ్చే గాలి అల ముందుకు తిరిగొచ్చి ముందు అలను చెరిపేస్తుంది. అందుకే లోపల గాలి కదలని పాడ్‌లో, రబ్బరు వాషరుతో బిగించాలి. యాంప్‌లో కింది స్థాయి శబ్దాలను ఆపే హై పాస్ ఫిల్టర్‌ను 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. కింది బేస్ గాలి హోరులో ఎలాగూ వినపడదు. దాన్ని వదిలేస్తే కోన్‌కు శ్రమ తగ్గి మాట స్పష్టంగా వస్తుంది.

చాలా బిగింపులు పాడయ్యేది కరెంటు దగ్గరే. 50 వాట్ల చానళ్ళు రెండున్న క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ పూర్తి మోతలో దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. హైవే మీద ఇంజను తిరుగుతుంటే పర్వాలేదు. లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడితే ఇంజనుతో కరెంటు పుట్టించే స్టేటర్ అంత ఇవ్వలేదు, మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. షాపు వదిలే ముందే బ్యాటరీకి మల్టీమీటరు పెట్టించండి. ఐడిల్‌లో లైటు వేసి పాట పెట్టినా 13 వోల్టులు నిలవాలి. 12.6కు దిగుతుంటే చిన్న యాంప్‌కు మారడమే దారి.

వైరు రెండున్నర ఎంఎం రాగిది. ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. యాంప్ దగ్గర పెడితే, మధ్యలో ఫ్రేముకు రాసుకుని వైరు ఒరిస్తే కాపాడేది ఏమీ ఉండదు. తాళం చెవి తీశాక కూడా యాంప్ కరెంటు లాగకుండా ఇగ్నిషన్ నుంచి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టించండి. నెగటివ్‌ను పెయింటు ఉన్న ఫ్రేము బోల్టుకు కట్టే అలవాటు మన ఎలక్ట్రీషియన్లలో ఉంది. ఇంజను పెంచితే పెరిగే కుయ్‌మనే చప్పుడుకు చాలాసార్లు అదే కారణం. నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే వేయించండి. ఆడియో కేబులు ఇగ్నిషన్ కాయిల్ పక్కగా వెళ్ళకూడదు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి వైరు బిగుసుకోవడం లేదని చూశాకే వైర్లను కట్టే ప్లాస్టిక్ ట్యాగులు వేయాలి.

రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైతే మోత ఉంటుంది, బేస్ మాయమవుతుంది. ఒకటిన్నర వోల్టు సెల్‌ను స్పీకరు వైర్లకు ఒక్క క్షణం తాకించి చూడండి: సెల్ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే కోన్ బయటికి వస్తుంది. రెండూ ఒకే వైపు కదలాలి.

ఇంత చేసినా బయటి స్పీకర్లకు ఒక హద్దుంది. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం శబ్ద ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు పడొచ్చు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. బోర్డు ఉన్నా లేకున్నా, స్విమ్స్ ఆసుపత్రి ముందు పాట మోగించుకుంటూ పోవడం మనిషి చేసే పని కాదు.

అందుకే రోజూ తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగేవాళ్ళకు మా సిఫారసు హెల్మెట్ స్పీకర్లే. ఇంటర్‌కామ్‌తో (హెల్మెట్‌కు బిగించే బ్లూటూత్ పరికరం) వచ్చిన సన్నవాటిని తీసేసి 40 లేదా 45 మిల్లీమీటర్లవి వేస్తే తేడా మొదటి పాటకే తెలుస్తుంది. కానీ వేగం 80 దాటాక హెల్మెట్‌లో గాలి హోరే 90 డెసిబెల్స్ మించుతుంది. దాన్ని గెలవాలని పాటను 100కు తీసుకెళితే చెవికి సురక్షితమైన సమయం 15 నిమిషాలే. మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే హోరు తగ్గి మాటలు ఇంకా తేటగా వినిపిస్తాయి. ఘాట్‌లో మాత్రం పూర్తిగా ఆపేయండి. తిరుమలకు ఎక్కే దారి, దిగే దారి వేరైనా వెనకాల బస్సు హారను వినపడాలి. భాకరాపేట ఘాట్‌లో అయితే ఎదురుగా కూడా లారీలు వస్తాయి.

కొనే ముందు ఇంటర్‌కామ్ మాన్యువల్‌లో స్పీకరుకు ఉండాల్సిన ఓమ్ విలువ (కరెంటుకు స్పీకరు ఇచ్చే నిరోధం), ప్లగ్ రకం చూసుకోండి. బిగించేటప్పుడు స్పీకరు మధ్యభాగం సరిగ్గా చెవి రంధ్రం ఎదురుగా రావాలి. సెంటీమీటరు జరిగినా బేస్ బాగా తగ్గుతుంది. దూరంగా ఉంటే వెనక వెల్‌క్రో ప్యాడ్ ఇంకొకటి వేసి చెవి దగ్గరికి తేవాలి, చెవికి గట్టిగా తగిలితే సన్న స్పీకరుకు మారాలి. చోటు కోసం లోపలి థర్మోకోల్‌ను మాత్రం చెక్కనివ్వకండి, దెబ్బ తగిలినప్పుడు తలను కాపాడేది అదే.