పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్, నాలుగు నెలలు వాడాక

మా నాన్న సగం చూసి ఆపిన సినిమా మర్నాటికి ఓటీటీ యాప్‌లోంచి మాయం, డబ్బులు మాత్రం నెలనెలా కట్ అవుతూనే ఉన్నాయి, ఇక లాభం లేదని పటమటలో మా ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్‌కి 2 టీబీ హార్డ్‌డిస్క్ తగిలించి జెల్లీఫిన్ పెట్టా. మన దగ్గరున్న సినిమాలు, వీడియోల్ని ఇంట్లో టీవీకి పంపే సాఫ్ట్‌వేర్ ఇది, 2018లో ఎంబీ (Emby) అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), పైసా కట్టక్కర్లేదు. డీవీడీలు, అక్క పెళ్లి వీడియో అన్నీ టీవీలో వరసగా కనిపిస్తుంటే అమ్మ మురిసిపోయింది. ఫైల్ పేరులో సినిమా పేరు, సంవత్సరం సరిగ్గా పెట్టాలి, దాన్ని బట్టే ఇది పోస్టర్ వెతికి తెస్తుంది, నేను బద్ధకించా, పెళ్లి వీడియోకి ఏదో దెయ్యం సినిమా పోస్టర్ వచ్చి కూర్చుంది, బావ ఇంకా అలిగే ఉన్నాడు.

టీవీకి పడని ఫార్మాటైతే సర్వరే (అంటే ఆ ల్యాప్‌టాపే) అప్పటికప్పుడు మార్చి పంపాలి, అదే ట్రాన్స్‌కోడింగ్, హెచ్‌ఈవీసీ (వీడియోని బాగా కుదించే ఫార్మాట్) ఫైల్ వేస్తే నా ముసలి ల్యాప్‌టాప్ ఫ్యాను గ్రైండర్‌లా మోగుద్ది. అందుకే అన్నీ ముందే టీవీకి నేరుగా పడే హెచ్.264 ఫార్మాట్‌లోకి మార్చేశా, ఇప్పుడు గప్‌చుప్. నెట్ పోయినా వైఫై ఉంటే చాలు ఆడుద్ది, కాకపోతే ఎండాకాలం కరెంటు పోతుంది కాబట్టి రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ మీద పెట్టుకోండి. ఐపీఎల్‌కి మాత్రం ఇది పనికిరాదు, ఆ రెండు నెలలూ సబ్‌స్క్రిప్షన్ కడుతున్నా.