మూడేళ్లుగా వాడుతున్న డేటా సెంటర్ సిమ్యులేటర్: తప్పు చేయనిస్తుంది, అందుకే నచ్చింది

హైదరాబాద్‌లో ఓ చిన్న డేటా సెంటర్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా టెక్నీషియన్ల శిక్షణకు తీసుకున్న ఈ సిమ్యులేటర్‌లో నాకు బాగా నచ్చింది ఒక్కటే: తప్పు చేస్తుంటే ఆపదు. తప్పు బటన్ నొక్కనిచ్చి, ఆ తర్వాత పది నిమిషాల్లో ఏమవుతుందో చూపిస్తుంది.

మొన్న మే నెలలో గాలివానకు కరెంటు పోయింది. సర్వర్లను యూపీఎస్ నిలబెట్టింది, డీజీలు (డీజిల్ జనరేటర్లు) లోడ్ తీసుకున్నాయి. చిక్కంతా కూలింగ్‌తోనే. మా చిల్లర్లు, అంటే కూలింగ్‌కు నీళ్లను చల్లబరిచే యంత్రాలు, యూపీఎస్ మీద ఉండవు, డీజీ కరెంటు అందాక మళ్లీ మొదలవ్వాలి. ఆ రాత్రి అవ్వలేదు. నీళ్లు పారడం లేదని అలారం. సర్వర్ల ముందు 24 డిగ్రీలు ఉండాల్సింది 29 దాటింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, చిల్లర్‌కు రీసెట్ కొట్టమన్నాను. నల్గొండ నుంచి వచ్చిన ఐటీఐ కుర్రాడు "వద్దు సార్, ముందు పంపు చూద్దాం" అంటూ పరుగెత్తాడు. పంపు సెలెక్టర్ స్విచ్ మాన్యువల్‌లో ఉంది! మధ్యాహ్నం సర్వీసుకొచ్చినవాళ్లు ఆటోకు తిప్పకుండా వెళ్లిపోయారు. స్టాండ్‌బై పంపేమో బేరింగ్ పోయి విప్పి ఉంది. కుర్రాడు స్విచ్ తిప్పాడు, కాసేపటికి చిల్లర్ అందుకుంది. 32 దగ్గర ఆగి, తగ్గడం మొదలైంది.

తర్వాత అడిగితే చెప్పాడు: సిమ్యులేటర్‌లో నీళ్లు పారకుండానే రీసెట్ మీద రీసెట్ కొట్టి, చిల్లర్ లాకౌట్ అయ్యేదాకా, అంటే ఇక రీసెట్‌కు కూడా లేవకుండా ఆగిపోయేదాకా, తెచ్చుకున్నాడట, రెండుసార్లు.

మొదటి ఏడాది ఇందులోని కరెంటు ఆదా పాఠాలను కూడా అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. సర్వర్లు పెట్టే ర్యాకుల్లో ఖాళీలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు (సందులు మూసే పలకలు) బిగించి, సెట్ పాయింట్, అంటే కూలింగ్‌కు పెట్టే ఉష్ణోగ్రత, 20 నుంచి 24 డిగ్రీలకు పెంచాం. కూలింగ్ ఇంజినీర్ల సంఘం ఆష్రే 27 దాకా పర్వాలేదంటుంది. బిల్లు తగ్గిన మాట నిజం. కానీ ఆ పాఠాలు గడగడా ఇంగ్లీషులో సాగుతాయి, మావాళ్లకు సగమే అర్థమయ్యేది. షిఫ్ట్ మారేటప్పుడు నేను తెలుగులో చెప్పి, ర్యాకు సందులోంచి వెనక వేడిగాలి ముందుకు రావడాన్ని చెయ్యి పెట్టి చూడమన్నాకే బుర్రకెక్కింది. పైగా సెట్ పాయింట్ పెంచితే, కూలింగ్ ఆగినప్పుడు మన చేతిలో ఉండే టైమ్ తగ్గుతుంది. ఆ సంగతి పాఠంలో గట్టిగా చెప్పాల్సింది. నాకు ఆ రాత్రే తెలిసొచ్చింది.

మాది చిన్న సైటు, షిఫ్టుకు నలుగురం, డబ్బు కట్టేది కంపెనీ. కాబట్టి ఈ ఏడాదీ కొనసాగించమని అడిగాను. మీ దగ్గర వివరించి చెప్పే సీనియర్ లేకపోతే మాత్రం, ముందు ఒక నెల ట్రయల్ చూసుకోండి.