రెండేళ్లు వాడాక చెబుతున్నా: ఆ కిలోమీటర్ల అంకె నన్ను తినేసింది

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, చదువు బరంపురంలో. ఈ డేటింగ్ యాప్ రెండేళ్లుగా నా ఫోన్‌లో ఉంది. ప్రొఫైలూ స్వైపూ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. పేరు కింద ఎదుటి మనిషి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాడో చూపిస్తుంది చూడండి, నా బాధంతా దానితోనే.

మొదట్లో నాకు తెగ నచ్చింది కూడా అదే. మా ఊళ్లో పది కిలోమీటర్లు పెట్టుకుంటే చాలు, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వాళ్లూ కనిపిస్తారు, హాయిగా తెలుగులో మాట్లాడుకోవచ్చు. ఒకబ్బాయి అలాగే పరిచయమయ్యాడు. వైజాగ్‌లో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చేవాడు. ఐదు నెలలు బాగానే గడిచాయి. డిసెంబరు చివర్లో కలిశాం, ఆ తర్వాత మెసేజ్‌కి జవాబు లేదు. అలాగని అన్‌మ్యాచ్ చేసి నన్ను తన జాబితాలోంచి తీసేయనూ లేదు, అంకె అలాగే కనిపిస్తూ ఉంది.

భోగి ముందు రోజు రాత్రి మా ఇంట్లో యాప్ తెరిచాను. 150 దాటి ఉండాల్సిన అంకె 4 అయింది. ఊరొచ్చాడు, నాకు చెప్పలేదు. పండగ మూడు రోజులూ 4, 3, మళ్లీ 4. మూడు కనిపిస్తే మావైపు వస్తున్నాడేమోనని గుండె దడదడ. అమ్మ అరిసెలు వత్తమంటే పిండి చేత్తోనే స్క్రీన్ లాగి చూసుకున్నాను. అన్నం సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు. పైగా ఆఖరిసారి కండోమ్ వాడలేదన్న భయం ఒకటి, అది ఎవరితో చెప్పుకోను?

హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్ నాచేత 1097కి ఫోన్ చేయించింది. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు. వాళ్లు చెబితే ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ పరీక్షా కౌన్సెలింగూ చేసే కేంద్రానికి వెళ్లాను. నాలుగు మాటలు పడాల్సి వస్తుందనుకుంటూ వెళితే అక్కడి కౌన్సెలర్ తెలుగులోనే "ముందు కూర్చోమ్మా, నీళ్లు తాగు" అంది. పరీక్ష ఉచితం, నా అనుమతి లేకుండా ఫలితం బయటికి చెప్పకూడదని 2017 చట్టం ఉందట. 72 గంటల్లోపు వస్తే హెచ్‌ఐవీ రాకుండా మందులు ఇస్తారని కూడా చెప్పింది. నాకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, ఈ ముక్క కాలేజీలో ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది. సిఫిలిస్‌కీ చూశారు. రెండూ నెగెటివ్, కానీ కలిసిన రోజు నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ రమ్మన్నారు.

ఆ ఎదురుచూపులో ఒక రాత్రి రెండింటికి 14416 చేశాను, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. అటువైపు ఆవిడ అడిగింది ఒక్కటే గుర్తుంది: "రోజుకి ఎన్నిసార్లు ఆ అంకె చూస్తున్నావు?" మర్నాడు లెక్కపెడితే మధ్యాహ్నానికే ఇరవై దాటింది. ఆ సాయంత్రమే నేనే అన్‌మ్యాచ్ చేశాను. మార్చి ఆఖరు పరీక్షా నెగెటివే.

నా దూరం ఎదుటివాళ్లకు కనిపించకుండా సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, అది నాకు ఏడాదిన్నరకు తెలిసింది. వాళ్లది మాత్రం మనకు కనిపిస్తూనే ఉంటుంది. పెద్ద నగరంలో ఉండేవాళ్లకు ఇదంతా పట్టకపోవచ్చు, ఇటు నుంచి అటు నడిచిపోయే ఊరు మాది. ఐదుకి రెండున్నర ఇస్తాను. బరంపురంలో ఉన్నన్నాళ్లూ తెరుస్తాను, పర్లాకిమిడి బస్సెక్కే ముందు తీసేస్తాను.